పొద్దున సెల్ఫ్ కొట్టగానే బెల్టు అరుపు: 2006 కొరోలా, ఇంట్లోనే విప్పి చూడొచ్చా?

తెల్లకొరోలా, నిజాంపేట

అందరికీ నమస్తే. మా నాన్నగారు కొన్న 2006 కొరోలా, 1.8 పెట్రోలు, ఇప్పుడు నా చేతికి వచ్చింది. బండి బాగుంది, ఒక్కటే బాధ. వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే బానెట్ కింద డ్రైవర్ వైపు నుంచి కీచుమని అరుస్తోంది. కాసేపటికి ఆగుతుంది. మళ్ళీ స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ఒకసారి, ఏసీ వేసినప్పుడు ఒకసారి. బండి పెట్టేది సెల్లార్‌లో కాబట్టి ఆ అరుపు పై అంతస్తుల దాకా వినపడుతోంది. "తెల్ల కారు వారు దయచేసి గమనించగలరు" అని అపార్ట్‌మెంట్ గ్రూపులో పేరు లేకుండా ఒక మెసేజ్ పడింది. మా దగ్గర తెల్ల కార్లు బోలెడు. అయినా ఎవరిదో అందరికీ తెలుసు.

ఒక వర్క్‌షాపులో చూపించాను. బానెట్ ఎత్తారు, విన్నారు, ఏమీ విప్పకుండానే బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, ఆల్టర్నేటర్ బేరింగులు అన్నీ మార్చేద్దాం అన్నారు. మార్చాల్సి వస్తే మారుస్తాను, కానీ ఏది పోయిందో చూశాక. అందుకని ఈ ఆదివారం నేనే బెల్టు విప్పుదామనుకుంటున్నాను. నాన్నగారి పానాల పెట్టె ఉంది. రింగ్ పానాలు, అర అంగుళం సాకెట్ సెట్టు, జాకీ అన్నీ అందులోనే. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. బెల్టు జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

టెన్షనర్‌ని ఎటు తిప్పాలి? పై నుంచే అవుతుందా, చక్రం తియ్యాలా? బెల్టు తీస్తే టైమింగ్ పోయి ఇంజన్ పాడవుతుందని మా బావమరిది భయపెడుతున్నాడు, నిజమేనా? తీశాక ఏమేం చూడాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.


సెకండ్‌గేర్, కూకట్‌పల్లి

బ్రో, ఇంత హడావుడి ఎందుకు. ఇంజన్ ఆన్‌లో ఉండగా బట్టల సబ్బు ముక్క బెల్టు లోపలి వైపు కాస్త ఆనించు. అరుపు బంద్. మా ఇంట్లో పాత వ్యానుకి ఏళ్ళ తరబడి ఇదే వైద్యం. అది కుదరకపోతే బెల్టుకి కొట్టే స్ప్రే డబ్బాలు దొరుకుతాయి.


డిపో కాకా, ముషీరాబాద్

సబ్బు చెప్పిన తమ్మీ, నీకో దండం. తిరిగే బెల్టు దగ్గరికి చెయ్యి తీస్కపొమ్మని ఎవరికీ చెప్పకు. వేలు బెల్టుకూ అది తిరిగే చక్రానికీ, అదే పుల్లీకీ, నడుమ పడితే నువ్వు గుంజుకునే లోపల పని ఐపోతది. ఇంక సబ్బైనా స్ప్రే ఐనా చేసేది ఒక్కటే, అరుపును ఆపుతది, జారుడును ఆపదు. దానికి దుమ్ము అంటుకోని గాళ్ళు నిండినంక మళ్ళ మొదలు. ఎందుకు అరుస్తున్నదో తెలుసుకునే దారి గూడ మూసుకపోతది.

తెల్లకొరోలా బిడ్డా, నేను ఆర్టీసీ డిపోల మెకానిక్‌గ చేసి రిటైరైన. ఇప్పుడు మా గల్లీల కార్లకు తోచింది చేస్త. నీ బండి ఇంజను నాకు తెలుసు, మా అల్లునిది గూడ అదే.

ముందుగాల నీ బావమరిది మాట. ఈ బెల్టు ఇంజన్ బయట తిరిగేది. డైనమో (నువ్వు ఆల్టర్నేటర్ అన్నది), వాటర్ పంపు, స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసరు, ఈ నాలుగింటిని తిప్పుడే దాని పని. టైమింగ్‌తోని సంబంధం లేదు. నీ ఇంజన్ల టైమింగ్‌కు చైను ఉంటది, అది కవరు లోపట నూనెల తిరుగుతది, నువ్వు చూద్దామన్నా కనపడదు. కొన్ని బండ్లల్ల టైమింగ్ గూడ బెల్టే, నిజమే. గది ప్లాస్టిక్ మూత వెనకాల ఉంటది, దానికి అడ్డంగ పండ్లుంటయ్. నువ్వు విప్పేదానికి పండ్లుండయ్, పొడుగ్గ గీతలుంటయ్. భయం లేకుంట విప్పు.

కానీ విప్పే ముందుగాల అరుపును జర పరీక్ష చెయ్యి, ఎందుకంటే విప్పినంక అది వినపడదు. చేతికి వాచీ, మెడల ఆఫీసు తాడు, వేలాడే చొక్కా చేతులు ఏమీ ఉండొద్దు. బండి అరుస్తుండంగ దూరంగ నిలబడి, బట్టలకు నీళ్ళు చల్లే స్ప్రే సీసాతోని బెల్టు గీతల వైపు రెండు చుక్కలు కొట్టు. అరుపు ఆగిపోయి కొంచెం సేపటికి మళ్ళ వచ్చిందనుకో, ఏదో ఒక పుల్లీ లైను తప్పింది. నీళ్ళు పడంగనే ఇంకా గట్టిగ అరిచిందనుకో, బెల్టు జారుతున్నది. అంటే టెన్షన్ చాలుతలేదు, లేకుంటే బెల్టు అరిగింది, లేకుంటే దాని మీద ఏదో పడ్డది.

నువ్వు రాసింది చదివితే నాకైతే జారుడే అనిపిస్తున్నది. చూడు, అది ఎప్పుడెప్పుడు అరుస్తున్నది? సెల్ఫ్ కొట్టంగనే. సెల్ఫ్‌కు ఖర్చైన కరెంటును డైనమో తిరిగి బ్యాటరీల నింపాలె, ఆ కొద్దిసేపు దాని మీద బరువు ఎక్కువ. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు స్టీరింగ్ పంపు మీద బరువు. ఏసీ వేస్తే కంప్రెసర్ బరువు. మూడూ బరువు పడ్డ టైములే. బేరింగ్ పోయినదైతే బరువుతోని పని లేకుంట, ఇంజన్ తిరిగినంత సేపు గుర్రుమంటనే ఉంటది. ఏమీ విప్పకుంటనే బేరింగులు పోయినయ్ అన్నోళ్ళకు ఏ చెవుల వినపడ్డదో నాకు తెల్వదు.

ఇగ విప్పుడు.

ఇంజన్ సల్లగ ఉన్నప్పుడు, పొద్దున చాయ్ తాగి దిగు. సెల్లార్ ర్యాంపు మీద గాకుంట సదునుగ ఉన్న జాగల బండి నిలబెట్టు, హ్యాండ్ బ్రేకు గుంజు. తాళం చెవి ఇంట్ల పెట్టి రా. బ్యాటరీ మైనస్ తీగ తీసెయ్యి. రేడియేటర్ ఫ్యాను కరెంటుతోని తిరిగేదే గనుక ఎప్పుడు మొదలైతదో చెప్పలేం. పైగ డైనమో వెనకాల లావు తీగకు తాళం బంద్ చేసినా కరెంటు వస్తనే ఉంటది. ఆ జాగల ఇనుప పానా బాడీకి తగిలితే మెరుపే.

బెల్టు ఎట్ల పోతున్నదో ఫోటో తీసుకో, గానీ ఫోటోను నమ్ముకోకు. కింది పుల్లీలు చీకట్ల ఉంటయ్, ఫోటోల నల్లగ కనపడతయ్ అంతే. కాగితం మీద గియ్యి. గీస్తుంటేనే నీకు తెలుస్తది, గీతల వైపు ఏ పుల్లీని పట్టుకున్నది, వీపు వైపు దేన్ని రాసుకుంట పోయింది అని. మళ్ళ ఎక్కించేటప్పుడు తలకాయ నొప్పి వచ్చేది గక్కడనే. అదే బెల్టు మళ్ళ వేసే ఆలోచన ఉంటే, తిరిగే దిక్కు సుద్దముక్కతోని దాని వీపు మీద బాణం గుర్తు పెట్టు. ఒక దిక్కు తిరిగి అరిగిన బెల్టును ఉల్టా వేస్తే అదొక కొత్త అరుపు.

నీ బండిల టెన్షనర్‌కు 19 నంబర్ పానా పట్టే తల ఉంటది. డ్రైవర్ చక్రం దిక్కు నుంచి పుల్లీలను చూస్తున్నవనుకో, గడియారం ముల్లు తిరిగే దిక్కు తిప్పాలె. పానా పిడి పైకి పెట్టి ఉంటే ముందర బంపర్ దిక్కు గుంజినట్టు. నీ సాకెట్ రాచెట్ అక్కడ పట్టదు, ఇంజనుకూ బాడీకీ నడుమ జాగ తక్కువ. పొడుగు రింగ్ పానా ఉండాలె. పొట్టి పానాకు పైపు తొడిగి తిప్పెటోళ్ళు ఉన్నరు, ఆ ఇరుకుల పైపు జారితే పోయేది నీ వేళ్ళ తోలే. పై నుంచే ఐతది. చెయ్యి పట్టకపోతే మాత్రం డ్రైవర్ వైపు ముందటి చక్రం తీసి, పక్క ప్లాస్టిక్ కవరు విప్పితే అన్ని పుల్లీలు ఎదురుంగ కనపడతయ్. చక్రం తీస్తే జాకీని ఒక్కదాన్నే నమ్మకు, కింద స్టాండు పెట్టు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టకు, అవి చెప్పకుంట పగుల్తయ్.

తిప్పుడు మెల్లగ తిప్పు. లోపట స్ప్రింగు గట్టిది, దానికి తోడు అదురును అణిచే ఏర్పాటు గూడ ఉంటది. ఒక్కసారి గుంజి తిప్పితే అది ఖరాబైతది. ఒకటి, రెండు, మూడు అని మనసుల అనుకుంట తిప్పు. చివరికి పోయి ఆగినంక ఇంకా బలం పెట్టకు. ఒక చెయ్యి పానా మీద ఉంచి, రెండో చేత్తోని పైన అందే పుల్లీ మీది నుంచి బెల్టును పక్కకు జరుపు. కింద క్రాంకు పుల్లీ, అదే ఇంజన్ తిప్పే పుల్లీ, దాని దగ్గర పీకనీకి చూడకు, పైన ఒక్కటి ఒదిలితే మొత్తం లూజైతది. ఇద్దరుంటే సులువు. నీ బావమరిదిని పిలు, పానా ఆయన పట్టుకుంటడు, టైమింగ్ పోలేదని చూసినట్టు గూడ ఉంటది. బెల్టు రాంగనే పానా విడిచిపెట్టొద్దు, ఎంత మెల్లగ తిప్పినవో అంత మెల్లగ వెనక్కి రానియ్యి. టప్పున ఒదిలితే టెన్షనర్‌కు దెబ్బ.

ఇది చదివేటోళ్ళల్ల వేరే బండ్లోళ్ళు ఉంటరు గనుక చెప్తున్న. ఎటు తిప్పాలెనో తెల్వకుంటే, టెన్షనర్ పుల్లీ బెల్టును ఏ దిక్కు నొక్కుతున్నదో చూడుర్రి, దానికి ఎదురు దిక్కు తిప్పాలె. బలం పెడితే టెన్షనర్ చెయ్యి జరగాలె. చెయ్యి జరగకుంట వట్టి బోల్టు తలనే తిరుగుతుంటే ఆగుర్రి, మీరు పుల్లీని ఊడదీస్తున్నరు. కొన్నింట్ల ఆ బోల్టుకు ఉల్టా మర ఉంటది. కొన్ని బండ్లల్ల తలకు బదులు చదరం బొక్క ఉంటది, రాచెట్ మొన నేరుగ దాంట్ల పడ్తది. ఇంకొన్నింటికి టెన్షనరే ఉండది, సాగే బెల్టు వేస్తరు. దాన్ని కోసి తియ్యాలె, కొత్తది ఎక్కించనీకి దాని పనిముట్టు వేరే. అవి ఇంట్ల పెట్టుకోకుర్రి.

బిడ్డా, బెల్టు తీసుడు ఎంత సేపు, చాయ్ చల్లారే లోపల ఐతది. అసలు పని తీసినంకనే ఉన్నది. చాలామంది పాతది తీస్తరు, కొత్తది వేస్తరు, బానెట్ మూస్తరు. నెల రోజులకు మళ్ళ అరుస్తది. బెల్టు లేనప్పుడే ప్రతి పుల్లీ నీ చేతికి వట్టిగ దొరుకుతది, ఆ మోక మళ్ళ రాదు.

డైనమో పుల్లీ తిప్పు. చప్పుడు లేకుంట తిరిగి ఆగాలె. ఇసుక పడ్డట్టు గరగర అంటే బేరింగ్ పోయినట్టు. టెన్షనర్ పుల్లీ గూడ గట్లనే చూడు, అది మరీ ఎక్కువ సేపు గిర్రున తిరిగినా మంచిది కాదు, లోపట గ్రీజు ఎండింది అన్నట్టు. ఏసీ పుల్లీ తిప్పితే బయటి చక్రమే తిరుగుతది, నడిమి పళ్ళెం తిరగది. అది క్లచ్ పద్ధతి, ఖరాబు అనుకోకు. స్టీరింగ్ పంపు జర బరువుగ తిరుగుతది, నూనె ఉంటది గనుక. వాటర్ పంపు పుల్లీని తిప్పుడే గాదు, రెండు వేళ్ళతోని పట్టి ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ ఊపి చూడు. కొంచెం లూజు ఉన్నా లెక్క తప్పినట్టే. దాని కింద టార్చి కొట్టి చూడు, నీళ్ళు కారి ఎండిన మరక ఏమన్న ఉన్నదా అని. పంపుకు కింద చిన్న బొక్క కావాలనే పెడతరు, లోపటి సీలు పోతే నీళ్ళు అందుల నుంచి బయటికి వచ్చి మనకు చెప్తయ్. అన్నిటికన్నా కింద క్రాంకు పుల్లీ, దాని నడుమ రబ్బరు పొర ఉంటది. అది ఉబ్బినా పగిలినా బయటి చక్రం వంకర తిరుగుతది, బెల్టు లైను తప్పుతది.

టెన్షనర్‌ను పానాతోని ఒకసారి మొత్తం తిప్పి మెల్లగ వదిలి చూడు. నడుమ ఎక్కడా పట్టుకోవద్దు, తట్టుకుంట రావద్దు.

ఇగ బెల్టు. గీతల దిక్కు వెలుతురుల పెట్టి చూడు. వెనకటి రబ్బరు బెల్టులు పాతగైతే అడ్డంగ పగుళ్ళిచ్చేటివి, చూడంగనే తెలిసేది. ఇప్పటివి ఈపీడీఎం అనే వేరే రకం రబ్బరువి, పగలకుంటనే అరుగుతయ్. గీతలు కొంచెం కొంచెం అరిగి నడుమ గాడి వెడల్పైతది, బెల్టు పుల్లీ గాళ్ళల్ల అడుగుకు కూసుంటది, పక్కల పట్టు పోతది. అరిగిన చెప్పు లెక్కనే, పైకి మంచిగనే కనపడతది, తడి నేల మీద జారుతది. అందుకే పగుళ్ళు లేవు గనుక బెల్టు మంచిదే అనుకోకు. కొత్త బెల్టు ముక్క పక్కన పెట్టి గాళ్ళ లోతు చూస్తే తేడా తెలుస్తది. మెరుస్తున్నదా, జిడ్డున్నదా, ఒక పక్క పోగులు లేస్తున్నయా అది గూడ చూడు. పక్క పోగులు లేస్తే లైను తప్పినట్టు.

ఎక్కించేటప్పుడు కింది క్రాంకు పుల్లీ నుంచి మొదలుపెట్టు. అన్నింటికి వేసినంక టెన్షనర్ తిప్పి, పైన అందే పుల్లీకి ఆఖర్న ఎక్కించు. అది తీసేటప్పుడు ఏ పుల్లీ ఐతే ఒదిలించినవో గదే. టెన్షనర్‌ను వదిలినంక ప్రతి పుల్లీ మీద వేలు పెట్టి తడుము. ఒక గీత బయటికి వచ్చి పక్క గాడిల కూసున్నా కంటికి కనపడది, వేలికి తెలుస్తది. అట్ల వదిలి సెల్ఫ్ కొడితే బెల్టు చీలిపోతది. బ్యాటరీ తగిలించు, ఒక్క నిమిషం నడిపి ఆపి, మళ్ళ తాళం తీసి ఇంకోసారి చూడు. ఆ తర్వాత బయటికి తీస్కపో.

ఒక్క మాట మరిచిన. బెల్టు తీసినంక అరుపు బెల్టుదేనా ఇంజన్‌దా అని డౌటుంటే, బెల్టు లేకుంటనే అర నిమిషం ఇంజన్ నడిపి వినొచ్చు. అంతకు మించొద్దు, వాటర్ పంపు తిరగది గదా. పానాలన్నీ తీసినంకనే.


రాణీగంజ్ కౌంటర్, సికింద్రాబాద్

కాకా గారు చెప్పాక నేను చెప్పేది కొనుగోలు సంగతే. మాది రాణీగంజ్‌లో విడిభాగాల షాపు. రోజూ "2006 కొరోలా బెల్టు ఇవ్వండి" అని వస్తారు. పేరు చాలదండీ. తర్వాత వచ్చిన కొరోలా ఆల్టిస్‌లో ఒకటి కంటే ఎక్కువ ఇంజన్లు వచ్చాయి, పేరు చెప్తే కౌంటర్ మీద కుర్రాడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, పాత బెల్టు రెండూ తీసుకురండి.

పాత బెల్టు వీపు మీద అంకెలుంటాయి. ఉదాహరణకు 6పీకే1555 అని ఉందనుకోండి. 6 అంటే గీతల సంఖ్య, పీకే అంటే కార్లకు వాడే గీత కొలత, గీతకీ గీతకీ మధ్య 3.56 మిల్లీమీటర్లు. 1555 అంటే మిల్లీమీటర్లలో పొడవు. ఇది చదవడం వస్తే ఏ కంపెనీ బెల్టు ఇచ్చినా మీరే సరిచూసుకోవచ్చు. గీతలు సరిపోయి పొడవు పది మిల్లీమీటర్లు ఎక్కువున్నా "టెన్షనర్ సర్దుకుంటుందిలెండి" అనేవాళ్ళున్నారు, ఒప్పుకోకండి. టెన్షనర్ సర్దేది బెల్టు సాగినప్పటి కోసం, దాన్ని మొదటి రోజే వాడేస్తే ఎలా?

కొత్త బెల్టును మడిచి జేబులో పెట్టుకునేవాళ్ళను చూశాను. గట్టిగా మడిస్తే లోపలి దారాలు దెబ్బతింటాయి, పైకి తెలియదు. గుండ్రంగానే తీసుకెళ్ళండి. వర్క్‌షాపు వాళ్ళు చెప్పారని టెన్షనర్ ఇప్పుడే కొనకండి. విప్పి, ఊపి చూశాక రండి. అమ్ముకునేవాడిని నేనే చెప్తున్నాను.


అల్వాల్ ఆల్టో

అంకుల్, అడగకుండానే దూరుతున్నాను. నాది పాత ఆల్టో. దానికి స్ప్రింగు టెన్షనర్ లేదు, ఆల్టర్నేటర్‌నే జరపాలి. కింద ఇరుసు బోల్టు, పైన పొడవు గాడిలో ఉన్న బోల్టు లూజు చేసి, ఆల్టర్నేటర్‌ని ఇంజన్ వైపు నెడితే బెల్టు ఊడొస్తుంది. తీయడం వరకు వచ్చింది. మళ్ళీ ఎంత టైటు చెయ్యాలి అన్నదే నాకు అంతుపట్టదు. మా ఇంటి దగ్గర మెకానిక్ అయితే గడ్డపార వేసి వీణ తీగలా బిగించేస్తాడు.

తెల్లకొరోలా గారికి ఒక చిన్న మాట. ఆ ఇరుకులో పని చేసేటప్పుడు తలకు కట్టుకునే లైటు పెట్టుకోండి. ఫోన్ టార్చి పళ్ళతో పట్టుకుని చేసే పని కాదిది.


డిపో కాకా, ముషీరాబాద్

అమ్మా, మంచిగ అడిగినవ్. గడ్డపారతోని గుంజితే డైనమో బేరింగ్, వాటర్ పంపు బేరింగ్ రెండూ తొందరగ పోతయ్. రెండు పుల్లీల నడుమ పొడుగ్గ ఉన్న జాగల బెల్టును బొటనవేలితోని గట్టిగ నొక్కు. నొక్కుడంటే పది కిలోల బరువంత. అప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు దిగాలెనో మీ బండి పుస్తకంల ఉంటది, కొత్త బెల్టుకు తక్కువ, వాడినదానికి కొంచెం ఎక్కువ. అంతే దిగేటట్టు పెట్టి ముందు పై బోల్టు, తర్వాత కింది ఇరుసు బోల్టు బిగించు. కొత్త బెల్టైతే కొద్ది రోజులు నడిచినంక మళ్ళ ఒకసారి నొక్కి చూడాలె, మొదట్ల సాగుతది. డైనమోను జరపనీకి కర్ర ముక్క వాడు. ఇనుప రాడు పెడితే అల్యూమినియం బాడీ పగుల్తది, పెట్టే జాగ చూసి పెట్టు.


తెల్లకొరోలా, నిజాంపేట

కాకా, విప్పేశాను! రాణీగంజ్ అన్నా, అల్వాల్ గారూ, మీకూ థ్యాంక్స్, తలకు కట్టుకునే లైటు నిజంగా పనికొచ్చింది.

నీళ్ళ పరీక్షలో నీళ్ళు పడగానే అరుపు పెరిగింది. అంటే జారుడే. 19 పొడుగు రింగ్ పానా మా నాన్నగారి పెట్టెలో అడుగున దొరికింది. బావమరిది పానా బంపర్ వైపు లాగాడు, నేను బెల్టు పైనుంచి పక్కకు జరిపాను. చక్రం తియ్యాల్సిన పని రాలేదు. ఆల్టర్నేటర్ చప్పుడు లేకుండా తిరిగింది. టెన్షనర్ కూడా పట్టేయకుండా చక్కగా వెళ్ళి వచ్చింది. అంటే ఆ రెండూ మార్చాలన్నవాళ్ళ మాట నమ్మి ఉంటే డబ్బు బూడిదలో పోసినట్టే.

వాటర్ పంపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం. పుల్లీ పట్టుకుని ఊపితే చాలా కొంచెం, కానీ కదులుతోంది. టార్చి వేస్తే పంపు కింద గులాబీ రంగు పెచ్చు, ఎండిన ఉప్పులా, కిందికి చారగా దిగి ఉంది. ఆ పక్కగా వెళ్ళే బెల్టు గీతల్లోనూ అదే రంగు, వేలు పెడితే జిగటగా ఉంది. కూలెంట్ బాటిల్ చూస్తే కింది గీత దగ్గరికి వచ్చేసింది. వానల వల్ల బెల్టు తడిసి అరుస్తోందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తడిసిన మాట నిజమే, తడిపింది వాన కాదు.

ఇప్పుడు ప్రశ్న. బెల్టును సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి మళ్ళీ వేసుకుని, కూలెంట్ నింపుకుంటూ ఈ వారం నడపొచ్చా? వచ్చే వారం తీరికగా పంపు మార్చుకుందామని.


డిపో కాకా, ముషీరాబాద్

నడపకు. కారుతున్నంత సేపు నింపుకోవచ్చు అన్న ధైర్యం నీది, కానీ పుల్లీ ఊగుతున్నదని నువ్వే రాసినవ్. సీలు పోయింది, ఆ నీళ్ళు బేరింగ్‌ల పోయినయ్, గ్రీజు కొట్టుకపోయింది. అది ఏ రోజు పట్టేస్తదో తెల్వది. పట్టేసిందంటే బెల్టు తెగుతది లేకుంటే ఊడుతది. నీ బండిల నాలుగు పనులకూ ఒక్కటే బెల్టు, కాబట్టి అన్నీ ఒకేసారి పోతయ్. ముందు బ్యాటరీ బల్బు వెలుగుతది, స్టీరింగ్ బండలెక్క ఐతది, ఏసీ గాలి వేడైతది, ఆ వెంటనే వేడి ముల్లు పైకి లేస్తది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్నవనుకో, పక్కకు తీసే లోపల ఇంజన్ పైన ఉండే అల్యూమినియం హెడ్ వంగుతది. పంపు ఖర్చు ఎక్కడ, హెడ్ ఖర్చు ఎక్కడ.

బెల్టు కడుగుడు గూడ వద్దు. కూలెంటు తాగిన బెల్టు ఎంత కడిగినా మళ్ళ జారుతది. పంపూ బెల్టూ కలిపి మార్చు. పంపు మార్చుడు బెల్టు తీసినంత సులువు గాదు, గానీ నీ ఇంజనుకు పంపు బయటనే ఉంటది, చైను కవరు విప్పే పని లేదు. నీకు చేతనైతది అనుకుంటే చెయ్యి, లేకుంటే పంపూ బెల్టూ నువ్వే కొని మెకానిక్ చేతికియ్యి. ఏది మార్చాలెనో ఇప్పుడు నీకు తెలుసు గనుక ఆయన వేరే ముచ్చట చెప్పలేడు.

నువ్వే చేస్తే కొన్ని మాటలు యాది పెట్టుకో. ఇంజన్ వేడిగ ఉండంగ రేడియేటర్ మూత ముట్టొద్దు. కూలెంటును వెడల్పు తొట్టిల పట్టు, సెల్లార్ నేల మీద ఒదలకు. తియ్యగ ఉంటదని కుక్కలూ పిల్లులూ నాకుతయ్, నాకితే చస్తయ్. పంపు కూసుండే మొహం మీద పాత సీలు ముక్కలు, పెచ్చు ఏమీ లేకుంట గీకు, ఇనుప బ్లేడుతోని గాదు, ప్లాస్టిక్‌తోని. కొత్త సీలు లేకుంట పంపు ఎక్కించకు. బోల్టులు ఒక్కొక్కటి పూర్తిగ బిగించుకుంట పోవద్దు, అన్నీ వేళ్ళతోని ఎక్కించి ఎదురెదురు కొంచెం కొంచెం బిగించు.

కూలెంట్ నువ్వు చూసిన గులాబీ రంగుదే, జపాన్ బండ్లకు చెప్పినదే కొను. పచ్చది కలపకు. నీళ్ళు కలపాల్సినదైతే డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. మీ నిజాంపేట బోరు నీళ్ళు బకెట్‌కే తెల్లగ పడతయ్, రేడియేటర్ సన్న గొట్టాలల్ల పడితే ఏమైతదో చూసుకో.

నింపినంక గాలి పోవాలె. రేడియేటర్ మూత తీసి పెట్టి, హీటరు ఫుల్ వేడి మీద పెట్టి ఇంజన్ నడుపు, బుడగలు వస్తుంటే నింపుకుంట పో. డ్యాష్‌బోర్డు నుంచి వేడి గాలి వస్తే లోపటిదాకా నీళ్ళు చేరినట్టు. మూత పెట్టి చిన్న చక్కర్ కొట్టు, ముల్లు మీద కన్ను ఉంచు. తర్వాత వారం దాకా పొద్దున్నే, ఇంజన్ సల్లగ ఉన్నప్పుడు బాటిల్ల లెవల్ చూడు. మొదట్ల కొంచెం దిగుతది, పై గీత దాకా నింపు. దిగుడు ఆగకపోతే ఫోటో తీసి ఇక్కడ్నే పెట్టు.

రాణీగంజ్ పోయేదుంటే శనివారం పో. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటయ్.